ఇంట్లో పాత క్యాట్ 5ఈ నెట్ వైర్లు 2.5 గిగాబిట్ స్పీడుకి పనికొస్తాయా, గోడలు పగలగొట్టాల్సిందేనా?

పెళ్లివీడియోల_పద్మ · శుక్రవారం రాత్రి 10:20

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి.

నేను ఇంటి దగ్గర నుంచే పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. మియాపూర్‌లో ఫ్లాట్, 2013లో కట్టిన బిల్డింగ్. మూడు కెమెరాలు, ఒక డ్రోను, సంగీత్ వేరే. అన్నీ కలిపి ఒక్కో పెళ్లికి ఆరేడు వందల జీబీ అవుతుంది. అంతా ఒక నాస్ బాక్సులో (నెట్‌వర్క్‌కి తగిలించే డిస్కుల పెట్టె) పెట్టి, అక్కడి నుంచే పని చేద్దామని ఈ నెల 2.5 గిగాబిట్ నెట్‌వర్క్ స్విచ్ కొన్నాను. నాస్‌కీ, నా పీసీకీ 2.5 పోర్టులు ఉన్నాయి.

బిల్డర్ అప్పుడే గోడల్లో క్యాట్ 5ఈ వేశాడు. మెయిన్ డోర్ పక్కన చెప్పుల స్టాండు పైన ఇనప డబ్బా ఒకటి ఉంది, నాలుగు లైన్లూ అక్కడికే వస్తాయి. స్విచ్, నాస్ అక్కడే పెట్టాను. ఇప్పుడు పరిస్థితి ఇదీ:

హాలు: 1 గిగాబిట్ చూపిస్తోంది, అంతకు మించి రావట్లేదు.
బెడ్‌రూమ్: ఒకసారి 2.5, ఒకసారి 1, రెండు మూడు నిమిషాలకోసారి లింకు కట్.
పిల్లల గది: 2.5, ఏ గొడవా లేదు.
ఎడిటింగ్ గది: 100 మెగాబిట్లు. అవును, వందే. నాకు కావలసింది ఈ గదిలోనే!

లోకల్ నెట్ అబ్బాయిని పిలిస్తే ఎనిమిది లైట్ల టెస్టర్ పెట్టి చూశాడు. బెడ్‌రూమ్ లైను ఓకే అన్నాడు. ఎడిటింగ్ గది లైను చూసి "పాత వైరు మేడం, క్యాట్ 6 వేయాల్సిందే, గోడ కొట్టాలి" అన్నాడు. మొన్ననే పెయింట్ వేయించాం. నిజంగా గోడ కొట్టాల్సిందేనా?

ఫైబర్_ఫణి · శుక్రవారం రాత్రి 10:41

కొట్టేయండి. 2013 వైరుతో ఇంకెన్నాళ్లు? ఎలాగూ కొడుతున్నారు కాబట్టి క్యాట్ 7 వేసేయండి, ఇంకో పదేళ్లు చూసుకోనక్కర్లేదు. ఆన్‌లైన్‌లో ఫ్లాట్ క్యాట్ 7 చవగ్గా దొరుకుతోంది, తలుపు సందులోంచి కూడా పోతుంది.

లైన్‌మ్యాన్_సత్తిబాబు · శుక్రవారం రాత్రి 11:05

ఆగండాగండి. పెయింట్ వేసిన గోడ మీద సుత్తి పెట్టే ముందు కాస్త చూసుకుందాం. రాజమండ్రిలో పద్దెనిమిదేళ్లుగా ఇదే పని నాది.

పద్మగారూ, 2.5 గిగాబిట్ అన్నది పుట్టిందే పాత వైరు కోసం. వైఫై స్పీడు గిగాబిట్ దాటిపోయింది, ఆఫీసుల సీలింగుల్లో లక్షల మీటర్ల క్యాట్ 5ఈ అప్పటికే ఉంది. అదంతా పీకడం ఎవరి వల్లా కాదని 2016లో 2.5కీ 5కీ కలిపి ప్రమాణం తెచ్చారు. క్యాట్ 5ఈ మీద 2.5 గిగాబిట్ వంద మీటర్లు పోవాలి. మీ ఫ్లాట్‌లో ఏ లైనూ పాతిక మీటర్లు దాటదు.

అందుకని వైరు పాతదవడం మీ సమస్య కాదు. నా లెక్కలో పదింటికి ఎనిమిది కేసుల్లో తప్పు వైరు చివర్లలో ఉంటుంది, గోడ లోపల ఉండదు.

ఫణి గారూ, ఆ ఫ్లాట్ క్యాట్ 7 మాట ఎత్తకండి సామీ. టీఐఏ (అమెరికాలో వైర్ల ప్రమాణాలు పెట్టే సంఘం) వాళ్లు క్యాట్ 7ని అసలు ఒప్పుకోనే లేదు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ ఒప్పుకున్న క్లాస్ ఎఫ్‌కి, అంటే అసలు క్యాట్ 7కి, వేరే రకం కనెక్టర్లు. మామూలు ఆర్‌జే45 ప్లగ్గు తగిలించి క్యాట్ 7 అని అమ్మేదంతా పెట్టె మీద అచ్చే. పైగా ఫ్లాట్ వైరులో జతల మెలికలు (ఎనిమిది తీగల్ని రెండేసి చొప్పున నాలుగు జతలుగా మెలేస్తారు), రాగి మందం రెండూ అనుమానమే.

పద్మగారూ, రేపు పొద్దున ఒక పని చేయండి. నాలుగు లైన్లకీ రెండు చివర్లూ తెరిచి, వైరు పై తొడుగు మీద ఏం అచ్చు వేసి ఉందో చదివి ఇక్కడ పెట్టండి. మీటరు అంకెలు కూడా ఉంటాయి, అవీ రాయండి. ఒక చివర రాగి తీగని బ్లేడుతో కొంచెం గీకి, లోపల ఏ రంగు ఉందో చూడండి. వెండి రంగు కనిపిస్తే అది రాగి పూత వేసిన అల్యూమినియం, అప్పుడు నేనూ ఫణి గారి పార్టీయే.

ఫైబర్_ఫణి · శుక్రవారం రాత్రి 11:12

నా ఇంట్లో ఫ్లాట్ క్యాట్ 7తో గిగాబిట్ బ్రహ్మాండంగా వస్తోందండీ.

లైన్‌మ్యాన్_సత్తిబాబు · శుక్రవారం రాత్రి 11:15

రెండు మీటర్లకి ఏ వైరైనా వస్తుంది ఫణి గారూ.

రూట్_రవి · శనివారం ఉదయం 7:50

గచ్చిబౌలిలో లినక్స్ సర్వర్లతో కుస్తీ పట్టేవాణ్ని. సత్తిబాబు గారు వైరు సంగతి చూసుకుంటారు, నేను టెస్టింగ్ సంగతి చెప్తాను.

ముందు హాలు. అక్కడ దేనితో టెస్టు చేశారు పద్మగారూ? పాత ల్యాప్‌టాప్ అయితే దాని పోర్టే 1 గిగాబిట్ అయ్యుంటుంది. అప్పుడు లైను తప్పేం లేదు.

ఎడిటింగ్ గదికి సరిగ్గా 100 రావడమే పెద్ద ఆధారం. వంద ఎంబీపీఎస్‌కి రెండు జతలు చాలు, 1, 2, 3, 6 పిన్నులు. గిగాబిట్‌కీ ఆపై వాటికీ నాలుగు జతలూ కావాలి. బ్లూ జతో బ్రౌన్ జతో తెగితే చాలామటుకు నెట్‌వర్క్ కార్డులు గిగాబిట్ ప్రయత్నించి, కుదరక, చప్పుడు చేయకుండా వందకి దిగిపోతాయి. కాబట్టి అక్కడ ఆరెంజ్, గ్రీన్ బతికున్నాయి, మిగతా రెండిట్లో కనీసం ఒకటి పోయింది.

ఏం చేసినా ముందు బేస్‌లైన్ తీసుకోండి. పీసీని డబ్బా దగ్గరికి మోసుకెళ్లి, మంచి ప్యాచ్ కార్డుతో (రెండు చివర్లా ప్లగ్గులున్న చిన్న నెట్ వైరు) నేరుగా స్విచ్‌కి పెట్టండి. రెండు వైపులా ఐపెర్ఫ్3 (నెట్‌వర్క్ స్పీడు కొలిచే ప్రోగ్రాం) నడపండి, నాస్‌లో కూడా పెట్టుకోవచ్చు. 2.5 లింకు మీద దాదాపు 2.35 గిగాబిట్లు రావాలి. గిగాబిట్ అయితే 941 మెగాబిట్ల దగ్గర ఆగుతుంది. ఇక్కడే అంత రాకపోతే గోడ వైరుని తిట్టి లాభం లేదు.

తర్వాత అదే టెస్టు ఒక్కో గది నుంచి చేయండి. పది సెకన్లు కాదు, పది నిమిషాలు. ఒకసారి మామూలుగా, ఒకసారి రివర్స్ ఆప్షన్‌తో. ఒక దిక్కున బాగుండి రెండో దిక్కున ఏడ్చే లైన్లు చాలా చూశాను. టెస్టుకి ముందూ తర్వాతా నెట్‌వర్క్ కార్డు ఎర్రర్ కౌంటర్ రాసుకోండి, లినక్స్‌లో ఈథ్‌టూల్ కమాండు చెప్తుంది. సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో పాడైన డేటా లెక్క) ఒక్కటి పెరిగినా నాకు నచ్చదు.

ఫైల్ కాపీ చేసి స్పీడు కొలవకండి. నాస్‌లో ఉన్నవి మామూలు హార్డ్ డిస్కులైతే ఒక్కోటి సెకనుకి రెండు వందల ఎంబీ అటూ ఇటూ ఇస్తుంది. 2.5 లైను 280 దాకా మోయగలదు. మీరు కొలిచేది డిస్కుని, వైరుని కాదు.

ఇంకొకటి. నెట్‌వర్క్ కార్డు సెట్టింగుల్లో బలవంతంగా 2.5 అని పెట్టి లాభం లేదు. గిగాబిట్ నుంచి పైకి ఆటో నెగోషియేషన్ (రెండు వైపులా మాట్లాడుకుని స్పీడు ఖాయం చేసుకోవడం) తప్పనిసరి. లేని జతలు ఉన్న జతలైపోవు కదా.

బీటెక్_బాలు · శనివారం ఉదయం 9:02

అన్నా, మా హాస్టల్ రూమ్‌లో కూడా 100 మాత్రమే వస్తోంది. గేమ్‌లో పింగ్ బాగానే ఉంది, డౌన్‌లోడే స్లో. ఇదీ అదేనా?

రూట్_రవి · శనివారం ఉదయం 9:10

చాలావరకు అదే తమ్ముడూ. ముందు ప్యాచ్ కార్డు మార్చి చూడు. కుర్చీ చక్రం కింద నలిగిన కార్డులే సగం కేసులు.

పెళ్లివీడియోల_పద్మ · శనివారం మధ్యాహ్నం 1:30

రవి గారూ, నిజమే! హాల్లో పెట్టింది మా వారి ఆఫీసు ల్యాప్‌టాప్. పీసీ తీసుకెళ్లి పెడితే 2.5 వచ్చేసింది. సిగ్గుపడ్డాను.

డబ్బా దగ్గర నేరుగా పెడితే 2.35. పిల్లల గదిలోనూ 2.35, రెండు దిక్కులా, పది నిమిషాలు, ఎర్రర్లు సున్నా. బెడ్‌రూమ్‌లో మొదట 1.1 చూపించి, తర్వాత పడిపోతూ లేస్తూ నాలుగో నిమిషంలో లింకే పోయింది. ఎడిటింగ్ గది ముందు చెప్పిందే, 94 మెగాబిట్లు.

సత్తిబాబు గారూ, వైరు మీద క్యాట్ 5ఈ, 24 ఏడబ్ల్యూజీ, 4 పెయిర్ అని ఉంది. గీకితే లోపల కూడా రాగి రంగే. మీటరు అంకెలు ఇవీ, డబ్బా దగ్గరది మొదట, గదిలోది తర్వాత: హాలు 34, 43. బెడ్‌రూమ్ 58, 72. పిల్లల గది 81, 99. ఎడిటింగ్ గది 118, 261.

సాకెట్లు ఊడదీస్తే లోపల సిమెంటు పొడి, ఒకదాంట్లో చీమల పుట్ట. బయటికి వచ్చిన వైరు జానెడు కూడా లేదు.

లైన్‌మ్యాన్_సత్తిబాబు · శనివారం మధ్యాహ్నం 2:15

రాగి అన్నారు, సంతోషం. నేను పెళ్లికి వచ్చాను, ఫోన్లోనే రాస్తున్నాను. మీ బెడ్‌రూమ్ లైను ప్లగ్గు దగ్గరగా ఫొటో పెట్టండి, రెండు చివర్లూ. రంగులు వరసగా కనపడాలి.

పెళ్లివీడియోల_పద్మ · శనివారం మధ్యాహ్నం 2:40

ఫొటో ఎక్కట్లేదు, పెద్దదంటోంది. రంగులు రాసేస్తాను. ఎడమ నుంచి: బ్లూ, వైట్ బ్లూ, ఆరెంజ్, వైట్ ఆరెంజ్, గ్రీన్, వైట్ గ్రీన్, బ్రౌన్, వైట్ బ్రౌన్. రెండో చివర కూడా అచ్చం ఇదే. కప్‌బోర్డులు చేయించినప్పుడు సాకెట్ జరిపి, కరెంటు పని చేసిన ఆయనే కొట్టాడు. "రెండు పక్కలా ఒకే వరస ఉంటే చాలు మేడం" అన్నాడు.

లైన్‌మ్యాన్_సత్తిబాబు · శనివారం మధ్యాహ్నం 2:52

దొరికాడు దొంగ!

"రెండు పక్కలా ఒకే వరస" అనే మాట వల్ల పాడైన లైన్లు ఈ రెండు రాష్ట్రాల్లో ఎన్ని ఉన్నాయో లెక్కలేదు. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందో, జత పక్కన జత. ఎనిమిది లైట్ల టెస్టర్ కూడా ఒకటి నుంచి ఎనిమిది దాకా చక్కగా వెలిగిస్తుంది. ఒకటో తీగ ఒకటికి, రెండోది రెండుకి వెళ్లిందా అని మాత్రమే దానికి తెలుసు. ఎవరి జత ఎవరో దానికి తెలియదు.

నెట్‌వర్క్ కార్డు మాత్రం 3, 6 పిన్నుల్ని ఒక జతగా వాడుతుంది. 4, 5 ఇంకో జత. మీ ప్లగ్గులో 3 మీద ఆరెంజ్ జతలో తీగ, 6 మీద గ్రీన్ జతలో తీగ ఉన్నాయి. అంటే ఒకే సిగ్నలు రెండు వేరు వేరు మెలికల్లో పోతోంది. మెలిక వేసిందే ఆ రెండు తీగలూ ఒకదాని రొదని ఇంకోటి కొట్టేయడానికి. వేరే ఇంటి అమ్మాయితో పీటల మీద కూర్చోబెడితే కాపురం ఏం సాగుతుంది? దీన్నే స్ప్లిట్ పెయిర్ అంటాం. వంద ఎంబీపీఎస్‌లో అలా అలా నెట్టుకొస్తుంది, పైకి పోతే బండారం బయటపడుతుంది.

వరస ఇదీ, మా కుర్రాళ్లకి మంత్రంలా నేర్పిస్తాను: వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, బ్లూ, వైట్ బ్లూ, గ్రీన్, వైట్ బ్రౌన్, బ్రౌన్. టీ568బీ అంటారు. రెండు చివర్లా ఇదే.

గోడ వైరుకి మళ్లీ ప్లగ్గు కొట్టించకండి. గోడలో ఉన్నది గట్టి తీగ, దానికి కీస్టోన్ జాక్ (గోడ సాకెట్‌లో కూర్చునే నెట్ జాక్) పెట్టి క్రోన్ టూల్‌తో (తీగని గాడిలోకి నొక్కే పనిముట్టు) దింపాలి. జాక్ మీదే రంగులు వేసి ఉంటాయి. అక్కడ ఏ, బీ అని రెండు వరసలుంటాయి, బీ చూసుకోండి. మెలిక విప్పడం అర అంగుళం దాటకూడదు, 13 మిల్లీమీటర్లు. తొడుగు జాక్ మెడ దాకా రావాలి. వైరు జానెడే ఉందన్నారు, కోసేటప్పుడు లోభిగా కోయండి. రెండోసారి తప్పు కొట్టడానికి అక్కడ మిగలదు.

పెళ్లివీడియోల_పద్మ · శనివారం రాత్రి 8:20

నేనే కొట్టాను! యూట్యూబ్ చూసి మొదట పాత ముక్క మీద రెండుసార్లు సాధన చేశాను. టూల్ "టక్"మన్నప్పుడు భలే తృప్తిగా ఉంది. బెడ్‌రూమ్ ఇప్పుడు 2.35, రెండు దిక్కులా, ఎర్రర్లు లేవు.

అదే ఊపులో ఎడిటింగ్ గది లైనుకి కూడా రెండు చివర్లా కొత్త జాక్‌లు పెట్టాను. వరస సరిగ్గానే ఉంది. అయినా 100 దాటట్లేదు. టెస్టర్‌లో 1, 2, 3, 6 వెలుగుతున్నాయి, 4, 5 ఒకసారి వెలిగి ఒకసారి ఆరుతున్నాయి, 7, 8 అసలు లేవు.

కరెంట్_కొమురయ్య · శనివారం రాత్రి 9:05

వరంగల్ నుంచి, ఎలక్ట్రీషియన్‌ని. పైన మా జాతిని బాగానే తిట్టిన్రు, ఫర్వాలేదు, ఆ వరస తప్పు నేను కూడా ఒకప్పుడు చేసిన.

పద్మక్కా, ఇంట్ల మల్టీమీటర్ ఉంటే మంచి ఉపాయం ఒకటి ఉంది. స్విచ్, పీసీ రెండిట్నీ తీసెయ్యండి. ఒక చివర ఒక జతలోని రెండు తీగల్ని కలపండి. రెండో చివర ఆ రెండింటి మధ్య ఓమ్‌లు కొలవండి. 24 గేజి (ఏడబ్ల్యూజీ) రాగికి మీటరుకి 0.084 ఓమ్. పోయి రావాలె కాబట్టి లైను పొడుగుని రెండుతో గుణించండి. 22 మీటర్ల లైనుకి 3.7 ఓమ్‌లు రావాలె. మీటరు తీగల్ని ఒకదానికొకటి తగిలిస్తే వచ్చే 0.2, 0.3ని తీసెయ్యండి. నాలుగు జతలూ దాదాపు ఒక్క తీరుగ రావాలె. ఒకటి ఎక్కువొచ్చిందంటే నడుమ ఎక్కడ్నో జాయింటు వదులైనట్టు. నాలుగూ కలిసి సగం పైన ఎక్కువొస్తే అది అల్యూమినియం.

పెళ్లివీడియోల_పద్మ · శనివారం రాత్రి 10:15

పక్క ఫ్లాట్ అంకుల్ దగ్గర మీటర్ దొరికింది. ఎడిటింగ్ గది లైను: ఆరెంజ్ 3.9. గ్రీన్ 3.8. బ్లూ 9 దగ్గర మొదలై 14 దాకా ఊగుతోంది. బ్రౌన్‌కి ఏమీ చూపించట్లేదు, ఓఎల్ అంటోంది.

డాలస్_బాబాయ్ · ఆదివారం ఉదయం 6:30

ఇక్కడ మాకు శనివారం సాయంత్రం, కాఫీ తాగుతూ చదువుతున్నాను. అమ్మాయ్ పద్మా, నువ్వు మధ్యాహ్నం రాసిన అంకెలు ఎవరూ పట్టించుకున్నట్టు లేదు.

తయారీలోనే వైరు మీద మీటరుకో అంకె వేస్తారు. వైరు ఒకటే ముక్క అయితే రెండు చివర్ల అంకెల తేడానే దాని పొడుగు. హాలు 9 మీటర్లు, బెడ్‌రూమ్ 14, పిల్లల గది 18. సరిగ్గా ఉన్నాయి. మరి ఎడిటింగ్ గది 118 నుంచి 261? మీ ఫ్లాట్‌లో 143 మీటర్ల వైరు ఎక్కడ దాగింది? ఓమ్‌లు చూస్తే పాతిక లోపే. అంటే అది ఒక వైరు కాదు, రెండు ముక్కలు. మధ్యలో ఎక్కడో అతికారు.

నాకెలా తెలుసంటే, మా ఇల్లు 2004లో కట్టింది. ఇక్కడా అప్పుడు ఫోన్ల కోసమే క్యాట్ 5ఈ వేసేవాళ్లు, ఒక సాకెట్ నుంచి ఇంకో సాకెట్‌కి గొలుసులా. అటక మీద ఎండాకాలం దోమతెరలో కోడిలా ఉడికిపోతూ ఒక్కో అతుకూ వెతికి విప్పాను. ఒక గదికి మాత్రం చేతకాక, టీవీ కోయాక్స్ (కేబుల్ టీవీ వైరు) మీద మోకా అడాప్టర్లు (ఆ వైరు మీద నెట్ పంపే పెట్టెలు) పెట్టి సరిపెట్టుకున్నాను. దాని మీదా గిగాబిట్ దాటి వస్తోంది.

లైన్‌మ్యాన్_సత్తిబాబు · ఆదివారం ఉదయం 7:10

బాబాయ్, దండం! అంకెలు అడిగింది నేను, చదవకుండా వదిలేసిందీ నేనే. పెళ్లి భోజనం మహత్యం.

పద్మగారూ, డబ్బా నుంచి ఎడిటింగ్ గదికి దారిలో ఎక్కడైనా తెల్ల ప్లాస్టిక్ మూత గానీ, పెయింట్ కింద గుండ్రటి మూత గానీ ఉందా? వంటింటి సజ్జ లోపల, బాత్రూం తలుపు పైన చూడండి. జంక్షన్ బాక్సులు సాధారణంగా అక్కడే దాక్కుంటాయి.

కరెంట్_కొమురయ్య · ఆదివారం ఉదయం 7:25

తెరిచే ముందు మెయిన్ ఆఫ్ చెయ్యండి అక్కా. ఆ రూమ్ ఎంసీబీ ఒక్కటి కాదు, మెయినే. ఆ బాక్సుల ఏమేం ఉన్నయో మనకు తెల్వదు. టెస్టర్ స్క్రూడ్రైవర్‌తో చూసి గానీ చెయ్యి పెట్టకండి.

పెళ్లివీడియోల_పద్మ · ఆదివారం మధ్యాహ్నం 12:50

కొమురయ్యన్నా, మీ మాట విన్నందుకు బతికిపోయాను.

సజ్జ మీద మా అత్తగారి స్టీలు బిందెలు, దీపావళి లైట్ల అట్టపెట్టె, పనికిరాని మిక్సీ అన్నీ దింపితే వెనక చతురస్రపు మూత ఉంది, మీద రెండు పూతల పెయింట్. మెయిన్ ఆపి, బ్లేడుతో పెయింట్ కోసి తీశాం. లోపల ఏసీ పాయింటుకి వెళ్లే లావు కరెంటు వైర్లు, వాటికి ఆనుకుని మన నెట్ వైరు. ఎనిమిది తీగల్నీ జానెడు పొడుగున విప్పి, ఒక్కొక్కటీ చేత్తో మెలిపెట్టి, నల్ల టేపు చుట్టారు. టేపు జిగురు కరిగి జారిపోయింది. బ్రౌన్ తీగలు రెండూ ఊడి పక్కన వేలాడుతున్నాయి. వాటి కొనకీ ఏసీ వైరు జాయింటుకీ మధ్య వేలెడు దూరం లేదు.

మూత మళ్లీ బిగించి, మెయిన్ వేసే ముందే ఆ లైను రెండు చివర్లా జాక్ నుంచి తీసేశాను.

కరెంట్_కొమురయ్య · ఆదివారం మధ్యాహ్నం 1:05

మంచి పని చేసిన్రు. కరెంటు పైపుల నెట్ వైరు ఉండొద్దు, అంతే. స్పీడు సంగతి తర్వాత. ఆ బ్రౌన్ తీగకి 230 వోల్టులు తగిలుంటే మీ స్విచ్, నాస్, పీసీ, దాని మీద చెయ్యి పెట్టినవాళ్లు, అందరి కథా ముగిసేది.

ఫైబర్_ఫణి · ఆదివారం మధ్యాహ్నం 1:20

చివరికి ఆ ఒక్క గదికైనా గోడ కొట్టాల్సిందేగా.

లైన్‌మ్యాన్_సత్తిబాబు · ఆదివారం మధ్యాహ్నం 2:00

ఇంకా అక్కర్లేదు. బాబాయ్ కోయాక్స్ మాట అనగానే నాకు ఒకటి తట్టింది. పద్మగారూ, ఎడిటింగ్ గదిలో కేబుల్ టీవీ పాయింటు ఉందా? 2013 బిల్డింగ్ కదా, ప్రతి గదికీ వేసుండాలి. టీవీ వైరుకి పైపు మామూలుగా వేరే ఉంటుంది, కరెంటు పైపుతో కలవదు. అది కూడా డబ్బాలోకే వస్తుంటే, ఆ పాత కోయాక్స్‌నే తాడులా వాడి కొత్త క్యాట్ 6 లాగొచ్చు.

ముందు కోయాక్స్ రెండు పక్కలా కదులుతోందా చూడండి. ఒక చివర లాగితే రెండో చివర లోపలికి పోవాలి. కదిలితే సగం గెలిచినట్టే. కొత్త వైరు తొడుగు రెండంగుళాలు తీసి, తీగల్ని కోయాక్స్ మీద మెలేసి, సన్నగా కోన్‌లా టేపు చుట్టండి. ముడి వేయకండి, వంపు దగ్గర ఇరుక్కుంటుంది. పైపులోకి ముఖానికి రాసుకునే పౌడర్ పోయండి. ఇద్దరు ఉండాలి: ఒకరు నెట్టాలి, ఒకరు లాగాలి. మెల్లగా. పదకొండు కిలోల బలం దాటితే లోపల మెలికలు సాగి వైరు పాడవుతుంది. ఇరుక్కుంటే వెనక్కి లాగి మళ్లీ ప్రయత్నించండి, మొండికెయ్యకండి. కోయాక్స్ మధ్యలో తెగితే తాడూ పోయె, దారీ పోయె.

రెండు చివర్లా మూరెడు మిగిల్చి కోయండి. తర్వాత వచ్చేవాళ్లు మిమ్మల్ని తిట్టుకోరు.

వైరు కొనేటప్పుడు షాపులోనే బ్లేడుతో గీకండి. షాపువాడు మొహం ముడిస్తే వేరే షాపు.

బీటెక్_బాలు · ఆదివారం సాయంత్రం 5:30

అన్నా, క్యాట్ 6 వేస్తే 10 గిగాబిట్ కూడా వస్తుందా? అక్క ఎలాగూ వేస్తోంది కదా.

రూట్_రవి · ఆదివారం సాయంత్రం 5:48

క్యాట్ 6 మీద 55 మీటర్ల దాకా చెప్తారు, కట్టలుగా పక్కపక్కనే పోతే 37కే ఆగొచ్చు. వంద మీటర్లకి క్యాట్ 6ఏ కావాలి. ఇంట్లో పాతిక మీటర్లకి వస్తుంది. కానీ 10 గిగాబిట్ రాగి పోర్టులు బాగా వేడెక్కుతాయి, చెప్పుల స్టాండు పైన మూసేసిన ఇనప డబ్బాలో వద్దులే.

లైన్‌మ్యాన్_సత్తిబాబు · ఆదివారం రాత్రి 8:10

వేడి మాట వచ్చింది కాబట్టి ఒక్క ముక్క. వైరు వేడెక్కితే సిగ్నలు నష్టం పెరుగుతుంది. 20 డిగ్రీల నుంచి 40 దాకా డిగ్రీకి 0.4 శాతం, ఆపైన 0.6 లెక్కేసుకోండి. మా దగ్గర ఒక కల్యాణ మండపంలో మేడ మీద నల్ల పైపులో 85 మీటర్ల లైను. జనవరిలో టెస్టు చేసి ఓకే అని వచ్చాం. మేలో మధ్యాహ్నం ముహూర్తానికి లైవ్ పోయింది. రాత్రి వెళ్లి చూస్తే బ్రహ్మాండంగా ఉంది! మూడుసార్లు తిరిగాక, మిట్టమధ్యాహ్నం రెండింటికి గొడుగేసుకుని టెస్టు చేస్తే గానీ దొరకలేదు. ఫ్లాట్ గోడల్లో పద్మగారికి ఆ బెంగ లేదు.

పెళ్లివీడియోల_పద్మ · తర్వాతి శనివారం సాయంత్రం 6:40

అయిపోయింది.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లాం. మొదటి షాపులో బ్లేడు తీయగానే "అలా చేయకూడదు మేడం" అన్నారు. రెండో షాపాయన తనే కట్టర్ ఇచ్చాడు, లోపల నిండుగా రాగి. 30 మీటర్లు కోయించుకున్నాం.

కోయాక్స్ మొదట కదల్లేదు. మా వారు రెండు పక్కలా మార్చి మార్చి ఊపితే పదినిమిషాలకి వదిలింది. పౌడర్ డబ్బా మొత్తం ఖాళీ, హాలంతా మల్లెపూల వాసన. వంటింటి మలుపు దగ్గర రెండుసార్లు ఆగింది, వెనక్కి లాగి మళ్లీ నెట్టాం. మూడోసారి ఎడిటింగ్ గదిలో నల్ల వైరు వెనకే నీలం వైరు తల బయటపెట్టింది. మా అమ్మాయి ఈల వేసింది.

పొడుగు 24 మీటర్లు, అంకెలు చూసే చెప్తున్నాను బాబాయ్ గారూ. ఒక్కో జత ఓమ్‌లు: 3.3, 3.2, 3.3, 3.3.

లైన్‌మ్యాన్_సత్తిబాబు · శనివారం సాయంత్రం 6:55

క్యాట్ 6 తీగ కాస్త లావు, 23 గేజి. 24 మీటర్లకి 3.2 దగ్గరే రావాలి. బంగారం.

పెళ్లివీడియోల_పద్మ · శనివారం రాత్రి 9:30

ఐపెర్ఫ్3: 2.35 రెండు దిక్కులా. రవి గారి మాట మీద రాత్రి భోజనం అయ్యేదాకా నడిపాను, గంటకి పైనే. సీఆర్‌సీ సున్నా. ఫైల్ కాపీ 190 దగ్గర ఆగుతోంది, అది డిస్కని ఇప్పుడు తెలుసు కాబట్టి టెన్షన్ పడట్లేదు. నిన్నటి పెళ్లి ఫుటేజీ ఎక్కిస్తున్నాను.

బీటెక్_బాలు · శనివారం రాత్రి 9:42

నాది ప్యాచ్ కార్డే అన్నా. కుర్చీ చక్రమే.

కరెంట్_కొమురయ్య · శనివారం రాత్రి 10:05

అక్కా, సజ్జ బాక్సుల ఉన్న పాత నెట్ వైరు గుంజేసిన్రా లేదా?

పెళ్లివీడియోల_పద్మ · శనివారం రాత్రి 10:20

డబ్బా వైపు ముక్క మొత్తం వచ్చేసిందన్నా, మెయిన్ ఆపే తీశాం. గది వైపు ముక్క ఏసీ వైర్ల మధ్య బిగిసిపోయింది, లాగడానికి భయమేసింది. ఏసీ సర్వీసుకి వచ్చే ఎలక్ట్రీషియన్‌తో సోమవారం తీయిస్తాను. అప్పటిదాకా గదిలో దాని చివరకి టేపు చుట్టి, "ముట్టుకోవద్దు, కరెంటు పైపులోది" అని కాగితం అంటించాను. బిందెలు ఇంకా హాల్లోనే ఉన్నాయి, మా అత్తగారు రేపు వస్తున్నారు.